మే పువ్వు గడ్డను లేపిన చెయ్యి

కుండీలో మే పువ్వు గడ్డ పెట్టి నెల దాటింది, ఇంకా మొలక లేదు. పొద్దున్నుంచి మూడుసార్లు మట్టి కెలకబోయి ఆగాను. మందమర్రి క్వార్టర్లలో పెరిగిన దోస్తులారా, గుర్తుందా? ఉత్త మట్టిలోంచి ఎర్రటి బంతిలా లేచేది!

"గడ్డ పండుకున్నది బిడ్డా, లేపకు" అనేవాడు బాపు. ఒక ఎండాకాలం నేను ఆగలేక పుల్లతో తవ్వాను. మొగ్గ పుటుక్కున విరిగింది. మట్టి కప్పేసి, ఎవరికీ చెప్పలేదు.

బాపు బొగ్గుబాయి నుంచి రాగానే, తన మసి కడుక్కోకముందే దానికి చెంబెడు నీళ్లు పోసేవాడు. ఆ ఏడు వానలు పడేదాకా రోజూ పోశాడు, పువ్వు మాత్రం లేవలేదు.

"మన మీద గుస్సయినట్టున్నది," అన్నాడు చివరికి. "నేనేం తప్పు జేసిన్నో!"

ఇదిగో, మళ్లీ కుండీ దగ్గరికొచ్చాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.