పోతురాజును వెనక్కి తేవడానికి యానాం వెళ్లాను

ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఉదయం ఆరింటికి బయలుదేరుతుందన్నారు. కదిలేసరికి ఏడైంది. ఆ గంటలో హాయిగా చద్దన్నం తిని రావచ్చు. నేను మాట నమ్మి ఖాళీ కడుపుతో వచ్చాను. ఇంజరం దాకా మనిషికి నాలుగణాలు.

నేను రాజమండ్రిలో డ్రిల్లు మాస్టర్ని. నా దగ్గర ఫుట్‌బాల్ నేర్చిన పోతురాజు అనే జాలరి, కాకినాడలో దొరల క్లబ్బుకు జీతం మీద ఆడేవాడు. జోడు లేని కాళ్లతో ముందు వరసలో ఉరికేవాడు. ఆ క్లబ్బు గెలిచిన ఆటల్లో చాలావరకు గోలు కొట్టింది వాడే. రెండేళ్ల క్రితం చెప్పాపెట్టకుండా యానాం పోయి, అర్జీ పెట్టుకుని, ఫ్రెంచి ప్రజగా కాగితం పుచ్చుకున్నాడు. ఇప్పుడు వాళ్ల జట్టుకే ఆడుతున్నాడు. వచ్చే నెల కాకినాడకు మద్రాసు జట్టు వస్తోంది. పోతురాజు ఆ కాగితం వదులుకుని వస్తే రెట్టింపు జీతం ఇస్తామని క్లబ్బు సెక్రటరీ దొర ఉత్తరం రాసి నా చేతికిచ్చాడు. వాణ్ని తెస్తే మా బడికి ఆటస్థలం ఇప్పిస్తానన్నాడు. ఆ ఆటస్థలం కోసం నేను ఆరేళ్లుగా తిరుగుతున్నాను.

గట్టు మీద ఇద్దరు మనుషులు తాడుతో పడవను లాగుతుంటే, లోపల మేము కబుర్లాడుకుంటూ కూర్చున్నాం. పక్కనున్న బెల్లం వర్తకుడు, “యానాం ఎందుకండీ, సారా కోసమా?” అన్నాడు.

“కాదండి, ఒక మనిషి కోసం.”

“సారా అయితే దొరుకుద్దండి. మనిషి సంగతి చెప్పలేం,” అని తన పరాచికానికి తనే నవ్వుకున్నాడు.

పదకొండింటికి ఒక లాకు దగ్గర పూటకూళ్లమ్మ ఇంట్లో భోజనం. పులుసు బాగుంది. మజ్జిగ వడ్డించే వేళకు పడవవాడు కేకేశాడు. విస్తరి ముందునుంచి లేచి పరిగెత్తాను. సాయంత్రం ఆరున్నరకు ఇంజరం చేరి సత్రంలో పడుకున్నాను. వెళ్లేవారు చాప వెంట తీసుకెళ్లండి, సత్రం చాపలు నల్లులవి.

మర్నాడు తెల్లవారుతూనే నడక సాగించాను. యానాం పొలిమేర చౌకీలో బంట్రోతు నా మూట విప్పించి, పెరుగన్నం చూసి వదిలేశాడు. గోదావరి ఒడ్డున పది పన్నెండు మంది అలివి వల లాగుతున్నారు. చాలా పెద్ద వల అది. రెండు కొసల తాళ్లూ ఒడ్డునుంచే లాగాలి. వాళ్లలో పోతురాజున్నాడు.

“మేస్టారండీ! తమరేంటండీ ఇలాగొచ్చారు?”

ఉత్తరాన్ని తెలుగు చేసి చదివాను. తాడు వదలకుండానే విన్నాడు. చేతులు కట్టుకుని నిలబడడం బాగోక, నేనూ వాడి వెనక తాడు పట్టుకుని లాగసాగాను.

కాసేపటికి, “జీతం సరేనండి. ఆటయ్యాక డేరాలో కూకోనిత్తారాండి?” అన్నాడు.

కాకినాడలో ఆట ముగిశాక దొరలూ పెద్దలూ డేరాలో టీ తాగేవారు. గోలు కొట్టిన పోతురాజు బయట ఎండలో నిలబడి, బంతి కడిగి ఇచ్చి వెళ్లిపోయేవాడు. కప్పుతో తీయించుకున్న ఫోటోలో కూడా వాడు లేడు. రిఫరీగా వెళ్లిన నేను ఆ డేరాలోనే బెంచీ చివర కూర్చుని టీ తాగాను. ఒక్క మాటా అనలేదు. నన్ను వాడు చూశాడు కూడా.

ఉత్తరం మళ్లీ విప్పాను. జీతం ఉంది, కాగితం ఉంది, డేరా మాట ఎక్కడా లేదు. ‘కూర్చోనిస్తారురా’ అంటే చాలు, వాడు నా వెంట వచ్చేస్తాడు. ఆటస్థలం కళ్లముందు కదిలింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

“అది రాయలేదురా,” అన్నాను.

“ఆయ్,” అన్నాడు వాడు.

“మరి ఇక్కడో?”

“ఈళ్లూ దొరలేనండి, దేవుళ్లేం కాదు. కానండి, ఆడినోళ్లందరికీ ఒకటే బల్లండి.”

వల ఒడ్డెక్కింది. ఆ వలకు పెద్ద అయిన ఒక ముసలాయన చేపల్ని కుప్పలు వేసి పంచి, ఒక కుప్పను తాటాకు బుట్టలో పోసి నా ముందు పెట్టాడు. కంగారుపడ్డాను. మా ఇంట్లో నీసు ముట్టరని చెప్పాను.

“తినమన్లేదండి. తమరు తాడట్టుకున్నారు. వాటా ఇయ్యకపోతే తప్పు మాదౌద్దండి,” అన్నాడాయన. పోతురాజు మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. బుట్ట తీసుకున్నాను. వాణ్ని ఇక రమ్మని అడగకుండా ఉత్తరం మడిచి మూటలో పెట్టుకున్నాను.

పదింటికి ఇంజరంలో తిరుగు పడవ ఎక్కాను. బుట్ట వాసనకు నా చుట్టూ బోలెడంత చోటు దొరికింది. ఆటస్థలం పోయినట్టే, అందుకు బాధగానే ఉంది. పోతురాజు ఎందుకు రాలేదని దొర అడిగితే డేరా సంగతి చెప్పాలని నిశ్చయించుకున్నాను. రెండేళ్లు ఆలస్యంగా అనబోతున్న మాట అది.

ఒంటిగంటకు ఒక లాకు దగ్గర పడవ ఆగింది. పడవ తాడు లాగినవాళ్లిద్దరూ గట్టు మీద పొయ్యి రాజేస్తున్నారు. వెళ్లి బుట్ట వాళ్ల ముందు పెట్టాను.

“మాకెందుకండీ?” అన్నారు.

“తాడు లాగారు కదయ్యా,” అన్నాను.

చేపలు ఉడికేదాకా వాళ్లతో మాట్లాడుతూ నిలబడ్డాను. తరవాత నా పెరుగన్నం మూట విప్పుకుని, వాళ్ల పక్కనే కూర్చున్నాను.