మా నాయన హీరోగా వేసిన ప్రేమ సినిమా

మా చిన్నప్పుడు ఒక శుక్రవారం, కువైట్‌లో సాల్మియా సముద్రం ఒడ్డున, మా నాయన కొత్త కోటు వేసుకుని నిలబడి ఒకావిడతో "నువ్వు లేకపోతే నేను బతకలేను" అన్నాడు... ఆ ఒకావిడ మా అమ్మ కాదు. మా అమ్మ పక్కనే గొడుగు పట్టుకుని, వాళ్లిద్దరికీ ఎండ తగలకుండా చూస్తోంది!

కంగారు పడకండి... అది సినిమా షూటింగ్.

మేమప్పుడు కువైట్‌లోనే అబ్బాసియాలో ఉండేవాళ్లం. మాది రాజంపేట దగ్గర. నాయన టైలర్. మా పై ఫ్లాటులో జగిత్యాల రాజన్న, ఆయన భార్య లతక్క ఉండేవాళ్లు. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ వీడియోలు తీసే రాజన్న ఒక ప్రేమకథ రాసుకున్నాడు. కువైట్‌లో పనిచేసే ఒక డ్రైవరూ, ఒక ఆయా ప్రేమించుకుంటారు. ఆమె వీసా అయిపోయి ఊరికి వెళ్లిపోతుంది... అంతే కథ. హీరోయిన్ లతక్క. హీరోగా అనుకున్నతనికి సెలవు దొరకలేదు. అతని కోసం నాయన కుట్టిన కోటు నాయనకే సరిగ్గా సరిపోయింది. ఇంకేముంది, కథలో డ్రైవరు టైలరయ్యాడు... మా నాయన హీరో అయ్యాడు.

లతక్క ఎంత బాగా చేసేదో! అడగ్గానే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నాయన మాత్రం రెండు చేతులూ తొడలకి అతికించుకుని, ఆమె తల మీదుగా ఎటో చూస్తూ, జాకెట్టు కొలతలు చదివినట్టు డైలాగు అప్పజెప్పేవాడు.

"అన్నా, జర ప్రేమగ సూడరాదే! గట్ల కఫీల్ ముంగట నిలవడ్డట్టు నిలవడితెట్ల?" అని రాజన్న నెత్తి పట్టుకునేవాడు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని... ఆయన ముందు మనవాళ్లు ఎలా నిలబడతారో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక నాయన అమ్మ దగ్గర మొత్తుకున్నాడు. "పొద్దున లేస్తే అన్నా అని పిలిచే పిల్ల... ఆ పిల్లను చూస్తా ప్రేమ మాటలు ఎట్ట చెప్పేది? నోట్లోనుంచి మాటే రాల్యా."

"ఒప్పుకున్నావు కదా, ఇంగ చెయ్యి," అంది అమ్మ నవ్వు ఆపుకుంటూ.

చాలా శుక్రవారాలు తీశారు. చివరికి ఒక మధ్యాహ్నం, తెలిసినవాళ్ల హోటలు పైనున్న హాల్లో సినిమా వేశారు. కుర్చీలు చాలక జనం కింద కూడా కూర్చున్నారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు తమ మామాలను, అంటే ఇంటి యజమానురాళ్లను, బతిమాలి సెలవు తీసుకుని వచ్చారు. లతక్క ఏడుస్తుంటే వాళ్లూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు... కెమెరా నాయన వైపు తిరగ్గానే హాలంతా ఘొల్లున నవ్వు.

నా పక్కనున్నావిడ నా వైపు వంగింది. "ఏం పాపా, ఆ హీరో మీ నాయనే కదా?"

"కాదు," అన్నాను.

తిరిగి చూస్తే... నాయన మా వెనక వరసలోనే ఉన్నాడు.

మిగతా సినిమా నేను చూడలేదు. అమ్మ ఒళ్లో తల దాచేసుకున్నాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. నాయన దగ్గరికెళ్లి, "నాయనా... అది నువ్వు కాదని చెప్పినా," అంటుంటే ఏడుపొచ్చేసింది.

"ఇన్న్యాలే పాపా. నన్నడిగింటే నేనూ కాదనే చెప్పింటా," అన్నాడు. నవ్వబోయాడు కానీ ఆ నవ్వు సరిగ్గా కుదరలేదు... నటించడం ఆయనకి అసలే రాదు కదా.

రెండు వారాల తర్వాత, చూడనివాళ్ల కోసం సినిమా మళ్లీ వేశారు. నాయన రానన్నాడు. నేనే చెయ్యి పట్టి లాక్కెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. మళ్లీ అవే నవ్వులు. నా చేతిలో ఆయన అరచెయ్యి చెమట పట్టేసింది... నేను వదల్లేదు.

మొదటిసారి నేను చూడని సీను ఒకటి చివర్లో ఉంది. హీరోయిన్ ఊరెళ్లే రోజు ఆమె బ్యాగు పట్టీ తెగిపోతుంది. హీరో మాటా పలుకూ లేకుండా కింద కూర్చుని దాన్ని కుడతాడు. సూది దించి, లాగి, ముడి వేసి, దారం పంటితో కొరికి... ఆ పట్టీని రెండుసార్లు గట్టిగా గుంజి చూస్తాడు, దారిలో తెగకూడదని.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. నా పక్కనామె ముక్కు చీదుకుంది.

"మా నాయన," అన్నాను ఆమెతో... ఆమె అడక్కుండానే.

నాయన మళ్లీ కెమెరా ముందుకి పోలేదు. ఆ సినిమా సీడీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, వేసి చూడ్డానికి ప్లేయరే లేదు.

ఇప్పుడు నేను కువైట్‌లోనే ఎగైలాలో ఉంటున్నాను. ఎప్పుడైనా సాల్మియా వైపు వెళ్తే, ఒడ్డు పొడుగునా ఫోన్లు పట్టుకుని రీల్స్ తీసుకునే జంటలే. అందరూ ఎంత చక్కగా చేస్తున్నారో! ఎంత పెద్ద మాటైనా ఇట్టే పలికేస్తున్నారు... ప్రేమ మాట నోరు దాటక నిలువునా బిగుసుకుపోయే మనిషి మాత్రం నాకు మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

మీ ఇంట్లో ఉన్నారా అలాంటివాళ్లు? ఉంటే నాలుగు ముక్కలు రాయండి... కూర్చుని చదువుకుంటాను.