మైకు సాకెట్లో నాన్నమ్మ పాట

1995. భిలాయి సెక్టర్ 6 మార్కెట్లో మా చిన్నాన్నకి రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఎలక్ట్రానిక్స్‌తో బి.ఎస్సీ. పూర్తిచేసి, పెళ్ళయ్యేదాకా నేను అక్కడే పనిచేశాను. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే వాసన, షిఫ్టు వదిలాక సైకిలు స్టాండు వేసి, “బేటీ, మా సెట్టు మాటాడ్డం లేదు” అంటూ లోపలికొచ్చే స్టీలు ప్లాంటు మనుషులు. మా పాప నిద్రపోయాక ఇవన్నీ ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

ఆ వేసవిలో అప్పల్నాయుడు బాబాయి వచ్చారు. రోలింగ్ మిల్లులో పాతికేళ్ళుగా పనిచేస్తున్నారు. కూతురు సుజాత పెళ్ళి వారంలో ఉంది. ఊళ్ళో ఉన్న ఆయన తల్లి రైలెక్కే స్థితిలో లేదు. అందుకని ఆయనే పాలకొండ దగ్గర ఉన్న ఊరికి వెళ్ళి, ఆవిడ చేత పెళ్ళిపాటలు పాడించి, చిన్న టేప్‌రికార్డర్‌లో పట్టి తెచ్చారు. అప్పగింతలప్పుడు నాన్నమ్మ పాటే వినిపించాలని సుజాత పట్టు. తీరా ఇంట్లో స్టీరియో యాంప్లిఫైయర్‌కి కలిపితే గొంతు చిరిగిన రేకులా వస్తోందట. కేసెట్ పాడైందని ఇంట్లో ఒకటే ఏడుపు. మళ్ళీ వెళ్ళి రావడానికి ఈయనకి సెలవు లేదు, మళ్ళీ పాడడానికి ఆవిడకి ఓపిక లేదు.

క్వార్టర్‌కి వెళ్ళి చూశాను. రికార్డర్ ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి తీసిన వైరు యాంప్లిఫైయర్ మైక్ సాకెట్లో ఉంది. అక్కడెందుకు పెట్టారని అడిగాను.

“పాడింది మనిసే కదమ్మా. మనిసి గొంతుకి మైకు కాక మరేటి పెడతారు?” అన్నారు బాబాయి.

మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని వందల రెట్లు పెంచే సర్క్యూట్ ఆ సాకెట్ వెనక ఉంటుంది. ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చేదేమో అప్పటికే పెరిగిన సిగ్నల్. దాన్ని తెచ్చి ఇందులో పోస్తే సర్క్యూట్ మోయలేక ఆ సిగ్నల్ అలల కొనలు తెగిపోతాయి. గొంతు చిరగడమంటే అదే. ఇచ్చే పరికరం ఎంత ఇస్తుందో, పుచ్చుకునేది ఎంత తట్టుకుంటుందో చూసి కలపడాన్ని మేం లెవెల్ మ్యాచింగ్ అంటాం. వైరు తీసి, టేపుల కోసం ఉన్న ఆక్స్ సాకెట్లో పెట్టి, రికార్డర్ వాల్యూమ్ తగ్గించాను. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ తీసుకున్న ఊపిరి కూడా వినబడింది. సుజాత నేలమీద చతికిలబడి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు సాయంత్రం బాబాయి దుకాణానికి వచ్చారు, రికార్డర్ చంకలో పెట్టుకుని, సుజాతని వెంటబెట్టుకుని. ఆయన మొహం ముడుచుకుని ఉంది.

“నీ చెయ్యి పడ్డాక మా అమ్మ గొంతు పీలగా అయిపోనాది. నాను ఫుల్లు పెడితే గానీ రాలేదు.”

బల్లమీద వాల్యూమ్ తగ్గించి ఒకసారి, ఫుల్లుగా పెట్టి ఒకసారి వినిపించి, ఏది వాళ్ళమ్మ గొంతులా ఉందో చెప్పమన్నాను. చిరిగినదాన్నే చూపించారు. నేను టేపు ఆపేశాను. ఆయన వెనక నిలబడ్డ సుజాత మెల్లగా తండ్రిని “పాపా” అని పిలిచింది. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచింది. ఆయన నేనేం చెప్తానా అని నా మొహమే చూస్తున్నారు.

మా సెక్టర్లలో మిల్లు మనుషుల ఇళ్ళల్లో అందరూ అరిచే మాట్లాడుకునేవారు. టీవీ వీధి చివరిదాకా వినబడేది. అది వాళ్ళ తీరు అనుకునేవాళ్ళం తప్ప, మిల్లు రొదకి చెవులు పోతున్నాయని ఎవరూ అనుకోలేదు. ఈమధ్య నేను మా పాప వెనక నిలబడి మెల్లగా పిలిచి, తల తిప్పేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను. ఆ రోజు అంటుకున్న భయమే అది.

“దీదీ, సాఫ్‌గా పెడితే పాపాకి వినబడదు. పాపాకి వినబడేలా పెడితే అది నాన్నమ్మ పాటే కాదు,” అంది సుజాత. తను వినడం కన్నా, పందిట్లో నాన్న మొహం ఏమీ వినబడక ఖాళీగా ఉండిపోతుందేమోనన్నదే ఆ పిల్ల బాధ.

చిన్నాన్నని అడిగి రికార్డర్ విప్పాను. వాల్యూమ్ నాబ్‌కి ముందున్న చోటు నుంచి సన్నని తీగ ఒకటి లాగి, పక్కన కొత్త సాకెట్ బిగించాను. అక్కడికి సిగ్నల్ ఇంకా పెరిగి ఉండదు, నాబ్ ఎటు తిప్పినా మారదు. అది యాంప్లిఫైయర్‌కి. ఇయర్‌ఫోన్ సాకెట్, నాబ్ మాత్రం బాబాయికి వదిలేశాను. పందిరికి దాని లెవెల్ దానిదే, ఆయన చెవికి ఆయన లెవెల్ ఆయనదే.

అప్పగింతలప్పుడు ఆయన రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్‌తో కూర్చున్నారు. “పిల్ల ఎళిపోతంటే మావకి కిరికెట్టు స్కోరు కావాలేటి,” అని మేనల్లుడెవరో అంటే పందిరంతా నవ్వింది. పాట మొదలైంది. రెండో చరణంలో బాబాయి గొంతు కలిపారు. తను పాడుతున్నట్టు ఆయనకి తెలిసిందో లేదో. పెద్దగా, శ్రుతికి ఎక్కడా అందకుండా, వాళ్ళమ్మ మాటలన్నీ పొల్లుపోకుండా పాడారు. నవ్వినవాళ్ళు ఊరుకున్నారు. సుజాత వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ముసలావిడ గొంతు మునిగిపోతోంది, కాస్త పెంచమని ఎవరో నాకు సైగ చేశారు. నేను పెంచలేదు.

ఆ తర్వాత దుకాణంలో ఉన్నన్నాళ్ళూ, సెట్టు బాగుచేసి ఇచ్చేటప్పుడు “వినబడుతోందా?” అని అడగలేదు. దానికి ఎవరైనా వినబడుతోందనే అంటారు. ఎదురుగా కూర్చోబెట్టి, ఏం వినబడిందో చెప్పమనేదాన్ని.