ల్యాప్‌టాప్‌కి లేసు తొడుగు

మా అత్తగారి హయాంలో మా ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువు ఉండేది కాదు. టీవీకి లేసు ముసుగు, ఫ్రిజ్‌కి లేసు దుప్పటి, మిక్సీకి లేసు గౌను. ఆఖరికి మంచినీళ్ళ బిందె మీద మూతకి కూడా లేసు అంచే. నరసాపురంలో లేసు అల్లే ఇళ్ళన్నీ ఇంచుమించు ఇంతే గానీ, ఆవిడది ఒక పాలు ఎక్కువ. పదేళ్ళప్పుడు సూది పట్టిన మనిషి. ఏజెంటు దారం ఉండలు పంచడానికి వస్తే ముందు మా అరుగే ఎక్కేవాడు. కష్టమైన డిజైను ఏదొచ్చినా ఆవిడ చేతిలోనే పెట్టేవాడు.

అలాంటి ఇంట్లోకి నేను ల్యాప్‌టాప్ తెచ్చాను. పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన కొత్త. నాదీ అని చెప్పుకోవడానికి నాకున్న పని అదొక్కటే. ఆవిడ వారం రోజులు దాని చుట్టూ తిరిగి, జానతో కొలుచుకుని, తెరిచి మూయడానికి వీలుగా రెండు ముక్కల తొడుగు అల్లిచ్చారు. పైదాని సంగతి సరే, అడుగుది తువ్వాలంత దళసరిగా, మహా చిక్కగా ఉంది.

"అడుగు గీసుకుపోకుండా ఉంటుందమ్మా," అన్నారు.

చాలా బావుందండి అన్నాను. నిజంగానే బావుంది.

ఆ వేసవిలో ల్యాప్‌టాప్ ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. క్లాసు మొదలైన పావుగంటకల్లా లోపలి ఫ్యాను ఒకటే రొద. "మీకు వర్షం పడుతోందా టీచర్?" అని పిల్లలు అడిగేవారు. కొన్నప్పుడు నాలుగు గంటలు వచ్చిన బ్యాటరీ రెండు గంటలకి దిగింది, అక్కణ్ణుంచి అరగంటకి దిగింది. మధ్యాహ్నాలు కరెంటు పోతే ఆ బ్యాటరీయే దిక్కు. నేను పలక మీద త్రిభుజం గీసి చూపిస్తుంటే తెర నల్లగా అయిపోయేది. ఎండని తిట్టాను, కరెంటు వాళ్ళని తిట్టాను, అమ్మినవాణ్ణి మరీ తిట్టాను. అత్తగారు మాత్రం పక్కన కూర్చుని విసనకర్రతో దానికి విసిరేవారు. ఇద్దరు పిల్లల తల్లులు వేరే టీచర్ని చూసుకుంటామన్నాక ఇక లాభం లేదనుకుని రిపేరుకి తీసుకెళ్ళాను.

స్టేషను రోడ్డులో షాపాయన, అరవైకి దగ్గరపడ్డ మనిషి, అడుగు విప్పి ఫ్యానులోంచి తెల్లటి పోగులు లాగి కాగితం మీద పెట్టాడు.

"ఏంటండీ, దీనికి స్వెట్టర్ తొడిగారా? ఈ చిల్లుల్లోంచే కదండీ ఇది గాలి పీల్చేది. మూసేస్తే వేడెక్కక ఏమవుద్దండి? ఆ వేడికే బ్యాటరీ కూడా దెబ్బతినేసిందండి. కొత్తది వేసినా, ఆ తొడుగుంటే మళ్ళీ ఇంతేనండి."

తిరిగొచ్చే దారంతా ఒకటే గుబులు. తొడుగు ఉంచితే నా పాఠాలు పోతాయి, తీసేస్తే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. ఇల్లు చేరేలోపు ఒక ఉపాయం ఆలోచించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

"అత్తయ్యా, మీరు టేబుల్ గుడ్డలకి అల్లుతారు చూడండి, పెద్ద పెద్ద చిల్లులతో? దీనికీ అలాంటిది అల్లిపెట్టరూ? గాలాడుతుంది."

ఆవిడ ఇట్టే పట్టేశారు. "ఇదంతా నా తొడుగు వల్లేనా?" అన్నారు. తల ఊపాను. ఆవిడ తొడుగు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ చెప్పారు.

"చిల్లులకి లెక్క కావాలమ్మా. ఇన్ని అల్లాలి, ఇన్ని వదలాలి అని. ఏడాదై ఆ లెక్క కంటికి ఆనట్లేదు. చిక్కటిదైతే వేలితో తడుముకుంటూ అల్లుకుపోవచ్చు. ఏజెంటుకి మోకాళ్ళ నొప్పులని చెప్పాను. అబ్బాయిక్కూడా తెలీదు. నువ్వూ చెప్పకు."

నాకు సిగ్గేసింది. ఏజెంటు మా అరుగెక్కి ఏడాదైందని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం, నేను ఆవిడ కళ్ళకేసి ఒక్కసారి సరిగ్గా చూడలేదు. చెప్పకుండా ఎలా ఉంటాను? మర్నాడే మా ఆయనకి చెప్పి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషన్ అయ్యాక మనుషుల మొహాలు తేటపడ్డాయి గానీ, సన్నదారం కనబడే చూపు మాత్రం తిరిగి రాలేదు.

కొత్త బ్యాటరీ వచ్చేదాకా పాఠాలు సాయంత్రానికి మార్చుకున్నాను. మధ్యాహ్నాలు ఆవిడ పక్కన చాప మీద కూర్చుని లెక్క చెప్పేదాన్ని. అయిదు అల్లండి, మూడు వదలండి. ఆవిడ వేళ్ళు నా మాట వెంట కదిలేవి. నెల పట్టింది ఆ చిల్లుల తొడుగుకి. ఆవిడ పోయి మూడేళ్ళవుతోంది. ఇప్పుడు నా దగ్గరున్న ల్యాప్‌టాప్ వేడెక్కదు, ఛార్జింగు రోజంతా వస్తుంది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ మధ్యాహ్నాలు మాత్రం చచ్చేంత గుర్తొస్తాయి.

అలా లెక్క చెబుతూ ఒకరోజు కబుర్లలో పడి తప్పాను, అందులోనూ లెక్కల టీచర్ని. నాలుగు వరసలు పైకి వెళ్ళాక ఆవిడ వేలు కిందికొచ్చి సరిగ్గా ఆ తప్పు దగ్గర ఆగింది. ఒక్క కుట్టు తేడా వస్తే పూటంతా అల్లింది విప్పేసే మనిషి ఆవిడ.

"నాదే తప్పండి అత్తయ్యా, విప్పేయండి," అన్నాను.

ఆవిడ ఆ చోటు ఇంకోసారి తడిమి చూసుకున్నారు.

"ఉండనీవే," అన్నారు. "తరవాతెన్ని?"