సెలవు అడిగిన అక్క

కంబదూరు దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థలో నేను చేరేనాటికే దాన్ని నడిపే మా సారుకు చుట్టుపక్కల మంచి పేరు. నేలమీద కూర్చుని మాతోపాటే సంకటి తినేవాడు. "ఇది ఆఫీసు కాదు, మన ఇల్లు" అనేవాడు. ఇల్లు కాబట్టి ఆదివారం లేదు, పండగ లేదు. ఆయన జ్వరంతోనే ఊళ్లు తిరిగేవాడు గనక, జ్వరం వచ్చిందని చెప్పుకోవడానికి మాకు సిగ్గు.

నాకు పని నేర్పింది అక్కడే చాలాకాలంగా ఉన్న ఒక అక్క. వేరుశనగ ఏటా ఎండిపోయి, రైతులు పురుగుల మందు తాగుతున్న కాలం అది. ఆ ఇళ్లకు వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చోవడం ఆమె పని. ఏళ్ల తరబడి అదే పని. చివరికి అన్నంలో కూడా మందు వాసన వస్తోందని కంచం పక్కకు నెట్టేసేది.

ఒకరోజు మా అందరి ముందే సెలవు అడిగింది. "కొన్నాళ్లు మా చెల్లెలింట్లో ఉండొస్తా సార్. నాతో అయితాలేదు."

సారు కోప్పడలేదు. నవ్వుతూ, "కరువుకు సెలవుంటాదామ్మా?" అన్నాడు. కొందరు నవ్వారు. అక్క తల వంచుకుంది.

ఆ వారమే నిధులిచ్చే విదేశీయులు వచ్చారు. సారు వాళ్లను బెళుగుప్ప వైపు ఒక ఇంటికి తీసుకెళ్లాడు. అక్కా, నేనూ వెంట ఉన్నాం. ఆ ఇంటాయన పోయి ఇంకా నెల కాలేదు. భార్య జరిగిందంతా చెప్పింది. వాళ్ల కెమెరాలో సరిగా రాలేదని, మళ్లీ మొదట్నుంచి చెప్పించమని సారు అక్కకు సైగ చేశాడు.

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంక చెప్పొద్దు లేమ్మా. లోపలికి పో" అంది. తనే తలుపు దగ్గరగా వేసి, గడప మీద అడ్డంగా కూర్చుంది.

మరుసటి మీటింగులో సారు మెత్తగానే అన్నాడు: "సేవకు గట్టి గుండె కావాలప్పా. అందరికీ ఉండదు."

అక్క లేచి, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచింది. ఆమెను ఆపమని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే ఆమె తిరిగే ఊళ్లు నాకు అప్పగించాడు.

తర్వాత నేనూ ఆ పని మానేశాను. కొన్నేళ్లకు రాయదుర్గంలో, ప్యాంట్లు కుట్టే షెడ్డులో అక్క కనిపించింది. కాస్త ఒళ్లు చేసింది.

"ఈడ బెల్లు కొడితే లేసి పోతాం. ఎవురూ ఏమీ అనరు" అంది. దారం తెంపుతూ అడిగింది: "ఆ బెళుగుప్ప ఇంటికి ఎవురన్నా పోతాండారా?"

"లేదక్కా. నేనుండంగానే ఆ ఇండ్లకు పోయే ప్రాజెక్టు అయిపోయింది."

అక్క మిషన్ మీదికి వంగింది.