పెద్దబండకు నలభై నిమిషాలు

మా పార్కులో మొత్తం పదకొండు కాలిబాటలున్నాయి. వాటిలో ఏడింటి మొదట్లో ఆకుపచ్చ బాణం గుర్తు ఉంటుంది. పిల్లాపాపలతో వచ్చినవాళ్ళు కూడా నిశ్చింతగా నడవచ్చని దాని అర్థం. ఆ బాణాలు గీసింది నేను. వాటి కింద ఇంత దూరం, ఇన్ని నిమిషాలు అని రాసింది నేను. ఆ నిమిషాలు కొలిచింది కూడా నేనే. ఇన్ని నేనులు ఒక్కచోట చేరితే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆఫీసు కాగితాల్లో నా ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉంది గానీ, అందరూ నన్ను బోర్డుల బాబాయ్ అంటారు. టికెట్ల గది వెనకాల నాదో చిన్న గది. ఒక గోడకు రంగు డబ్బాలు, ఇంకో గోడకు రేకులో కోసిన అక్షరాలు, మూలన చేత్తో తోసుకుంటూ వెళ్తే దూరం చూపించే కొలత చక్రం. టర్పెంటైన్ వాసన నా చొక్కాలకు ఎంతగా పట్టేసిందంటే, నేను వీధి మలుపు తిరగ్గానే మా ఆవిడ టీ పొయ్యి మీద పెట్టేస్తుంది.

టికెట్ల గది కిటికీ దగ్గర సందర్శకులు అభిప్రాయాలు రాసే రిజిస్టరు ఉంటుంది. దానికి జవాబులు రాసే పని కూడా, అక్షరం బాగుంటుందని, నాకే అప్పజెప్పారు. కొండ మీద పెద్దబండకు వెళ్ళే బాట గురించి అందులో ఏటా పది పదిహేను మంది రాసేవారు. "మీ నలభై నిమిషాలు ఏ గడియారంలో?" అని ఒకాయన. "మాకు గంటన్నర పట్టింది. మా నాన్నగారికి తన ఆరోగ్యం మీద బెంగ పట్టుకుంది, రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం" అని ఒకావిడ. నేను ప్రతి ఒక్కరికీ కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "రోజూ నడక అలవాటు చేసుకోండి" అని జవాబు రాసి, సంతకం పెట్టి, ఆ సంతకం కింద ఒక గీత కూడా గీసేవాణ్ణి.

ఈ ఏడాది కొత్త ఆఫీసరుగా ఒక మేడమ్ వచ్చారు. వచ్చిన వారానికే రిజిస్టరు మొత్తం చదివారట. అలా చదివిన ఆఫీసరును నేను ఇరవై తొమ్మిదేళ్ళలో చూడలేదు.

"పెద్దాయనా, ఈ సమయాలు ఎలా కొలిచారు?" అని అడిగారు.

"నడిచే కొలిచాను మేడమ్" అన్నాను, ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

"మీరొక్కరేనా?"

"నేనొక్కణ్ణే మేడమ్." ఛాతీ ఇంకాస్త.

"అయితే కుటుంబాల బాటకి అది లెక్కలోకి రాదు కదండీ. ఆకుపచ్చ బాణం ఉన్నవన్నీ మళ్ళీ కొలవండి. ఏడేళ్ళ లోపు పిల్లలు ఒకరు, యాభై దాటినవాళ్ళు ఒకరు మీతో ఉండాలి. అందరికన్నా వెనకాల వచ్చినవాళ్ళు చేరిన సమయమే బోర్డు మీద రాయాలి. మీ ఇంట్లోవాళ్ళనే తీసుకెళ్ళండి. ముందు పెద్దబండతో మొదలుపెట్టండి. పాత కొలతల పుస్తకం ఉంటే అదీ పట్టుకురండి."

పుస్తకం వెతకడానికి గదిలోకి వెళ్ళాను. అడుగు అరలో, ఎండిపోయిన కుంచెల కింద దొరికింది. పెద్దబండ పేజీ తీశాను. నా చేతిరాతే. "జీపు పైన దింపింది. దిగడానికి 40 ని. ఎక్కడానికి ఎంతో తర్వాత చూడాలి."

గబగబా మిగతా పేజీలు తిరగేశాను. అన్నింటిలోనూ జీపు పైనే దింపింది. అన్నింటిలోనూ "తర్వాత చూడాలి". ఆ తర్వాత అనేది ఇరవై తొమ్మిదేళ్ళైనా రాలేదు. నిజంగా మర్చిపోయానా అని మీరు అడగవచ్చు. అది ఎక్కే సమయమేనని ఇన్నాళ్ళూ నమ్మాను. బోర్డు మీద నా అక్షరాలు అంత అందంగా ఉంటే, వాటిని అనుమానించడానికి నాకే మనసొప్పలేదు.

రిజిస్టరులోని నాన్నగారు గుర్తొచ్చారు. కానీ నిజం చెప్పాలంటే, అంతకన్నా ముందు మా ఆవిడ గుర్తొచ్చింది.

పెళ్ళయిన నెలకే ఆమెను పెద్దబండకు తీసుకెళ్ళాను. బోర్డు పెట్టి అప్పటికి వారమే. కొత్త పెళ్ళాం కన్నా కొత్త బోర్డునే ఎక్కువ చూసుకుంటున్న రోజులవి. "నలభై నిమిషాలే, ఇట్టే వెళ్ళొచ్చేద్దాం" అన్నాను. ఆమె కొత్త చెప్పులు వేసుకుంది. నేను ముందు నడుస్తూ, మలుపు మలుపు దగ్గర ఆగి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడేవాణ్ణి. ఇద్దరం పైకి చేరేసరికి గంటా పది నిమిషాలైంది. ఆలస్యం మొత్తం ఆమె మీదికే నెట్టేశాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. దాన్ని జోకు చేశాను. పెళ్ళిళ్ళలో, విందుల్లో, ఆఫీసులో వీడ్కోలు సభల్లో, ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పాను. "బోర్డు మీద నలభై నిమిషాలండీ. మా ఆవిడకి మాత్రం గంటా పది." కొన్నాళ్ళకు గంటన్నర అయింది. ఆ తర్వాత రెండు గంటలైంది. "కింద బయల్దేరినప్పుడు ఎండాకాలం, పైకి చేరేసరికి వానాకాలం" అనే ముక్తాయింపు కూడా తగిలించాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. మా ఆవిడ కూడా నవ్వేది. నవ్వుతోంది కదా అని నేను మళ్ళీ చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ కొండ ఎక్కలేదు. మా అమ్మాయి స్కూలువాళ్ళు పిల్లల్ని, తల్లుల్ని పార్కుకు తీసుకొచ్చినప్పుడు కూడా, "నేను నడవలేనమ్మా" అని గేటు దగ్గర బెంచీ మీదే కూర్చుంది. ఇంట్లో ఆమె బట్టలు కుడుతుంది. మిషను పక్కన కిటికీ, కిటికీలో నిండుగా కొండ. ఒకరోజు మిషనును, తన వీపు కిటికీ వైపు ఉండేలా తిప్పేసుకుంది. వెలుతురు భుజం మీంచి పడితే సూదిలోకి దారం బాగా ఎక్కుతుందంది. నిజమే కాబోలు అనుకున్నాను. నేను అంత తెలివైనవాణ్ణి.

కొలతకి రమ్మంటే వెంటనే కాదంది. "ఇప్పుడా? పాతికేళ్ళ వయసులోనే నడవలేనిదాన్ని. పక్కింటావిణ్ణి తీసుకెళ్ళండి." చివరికి మనవరాలు ఒప్పించింది. దానికి ఆరేళ్ళు. ఇంట్లో మేం మిరపగింజ అంటాం. ఆదివారాలు మా దగ్గరే ఉంటుంది. "అమ్మమ్మా, నువ్వు రాకపోతే నాకు జడ ఊడిపోతే ఎవరు వేస్తారు?" అని అడిగింది. తాతయ్యకి జడ వేయడం రాదన్న సంగతి అలా ప్రభుత్వ పనికి ఉపయోగపడింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నా చేతిలో కొలత చక్రం. సంచిలో పాత పుస్తకం, పేజీ మడిచి ఉంది. దారిలో చెబుదామనుకున్నాను. స్టాప్‌వాచ్ మిరపగింజ మెడలో వేశాను. "అందరూ పైకి చేరాకే నొక్కాలి, మధ్యలో ముట్టుకోకూడదు" అని చెప్పాను. అది సైనికుడిలా తలాడించింది.

మొదటి పావు గంట నేనే ముందు నడిచాను, అలవాటు కొద్దీ. ఆ తర్వాత నా మోకాలు నా మాట వినడం మానేసింది. కూర్చుందామంటే బెంచీ కనపడలేదు. అప్పుడు తెలిసింది. ఈ బాట మీద బెంచీలు వేయించింది కూడా నేనే. మనుషులకు ఆయాసం వచ్చే చోట వేయలేదు, సిమెంటు బస్తాలు దింపడానికి జీపు ఆగే చోట వేశాను. చదునుగా ఉన్న చోట దర్జాగా రెండేసి బెంచీలు. గుండె నోట్లోకి వచ్చే చోట ఒక రాయి కూడా లేదు.

మూడో బెంచీ దగ్గర కూర్చున్నాం. మా ఆవిడకి కాస్త చెమట పట్టింది, అంతే. నేను మాట్లాడే స్థితిలో లేను.

"ఎంతైందే?" అని మనవరాల్ని అడిగింది.

అది స్టాప్‌వాచ్ ఎత్తి చదివింది. "నలభై రెండు, అమ్మమ్మా."

మా ఆవిడ ముఖం చిన్నబోయింది. "చూశారా? మీ నలభై అయిపోయింది, ఇంకా సగం దారి ఉంది. చెప్పాను కదా నన్ను తీసుకురావద్దని. ఇప్పుడు నన్ను చూసి మేడమ్ గారు మీ లెక్కే తప్పంటారు. అన్నేళ్ళు పనిచేసి, రిటైరయ్యే ముందు మీకీ మాటెందుకు? నేనిక్కడ కూర్చుంటాను. మీరిద్దరూ వెళ్ళి మీ టైము రాసుకుని రండి. నేను పైదాకా వచ్చానని చెప్పండి, ఏం ఫర్లేదు."

ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అది బాగానే ఉందనిపించింది. పుస్తకం సంచిలోనే ఉండిపోవచ్చు. మేడమ్‌తో "మా ఆవిడ నడక అంతేనండీ" అంటే సరిపోతుంది. ఇన్నాళ్ళూ నడిచిన అబద్ధం ఇంకో ఆదివారం నడుస్తుంది. నా బోర్డు పరువు కోసం ఆమె తన పరువు తీసి ఇస్తోంది. నేను చేయి చాపితే చాలు.

అప్పుడు మిరపగింజ అంది, "అమ్మమ్మా, నీకేం కాలేదు కదా. తాతయ్యకే ఊపిరి రావట్లేదు."

సంచిలోంచి పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కుట్టుపనికి వాడే కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఆ పేజీని కొలతల చీటీ చదివినట్టు నిదానంగా చదివింది.

"దిగడానికా?" అంది.

"ఆఁ."

"ఎక్కడానికి కాదా?"

"ఎక్కడం కొలవనే లేదు. నీ తప్పేం లేదు. నువ్వు సరిగ్గానే నడిచావు. అప్పుడూ, ఇప్పుడూ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె కళ్ళద్దాలు మడిచి, పుస్తకం నా ఒళ్ళో పెట్టి, మనవరాలి చేయి పట్టుకుని లేచింది. దిగిపోతుందనుకున్నాను. ఆమె పైకి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు మలుపు దగ్గర ఆగి గడియారం చూసుకోలేదు. నన్ను నా మానాన వదిలేసింది.

ఆ మిగతా సగం నేను చక్రాన్ని కొలవడానికి కాకుండా కర్రలా ఆనుకోవడానికి వాడుకుంటూ ఎక్కాను. పెద్దబండ మీద వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. మనవరాలికి జడ కూడా వేయడం అయిపోయింది. నా కాలు బండ మీద పడగానే మిరపగింజ టక్కున నొక్కింది.

"గంటా యాభై! తాతయ్యా, మేం గంటా ఇరవై ఐదుకే వచ్చేశాం!"

మా ఆవిడ కిందికి చూస్తోంది. చూపు తిప్పకుండానే అంది, "మన ఇల్లు ఇక్కడికి కనిపిస్తుందని మీరెప్పుడూ చెప్పలేదే."

"అప్పుడు చూపిద్దామనే తీసుకొచ్చాను."

"మీరు గడియారం చూసుకుంటున్నారు" అంది.

క్షమించమన్నాను. ఆమె మంచినీళ్ళ సీసా నా వైపు జరిపింది.

మర్నాడు పుస్తకం తీసుకెళ్ళి మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. మిగతావన్నీ కూడా కొలవాలన్నారు. రెండు నెలల్లో అన్నీ కొలిచాం. ఏడింటిలోనూ చివర చేరింది నేనే. అంటే ఇప్పుడు మా పార్కులో కుటుంబాల బాటలన్నింటి మీదా ఉన్నది నా కుంటి నడక సమయం. రిజిస్టరులో పాత జవాబుల కింద "తప్పు మాదే" అని రాశాను. ఈసారి సంతకం కింద గీత గీయలేదు.

కొత్త బోర్డులు పెట్టిన రోజు ఆఫీసులో అందరికీ టీ ఇచ్చారు. మా ఆవిణ్ణి, మనవరాల్ని కూడా పిలిచారు. జీపు డ్రైవరు కప్పు చేతిలో పట్టుకుని, "బాబాయ్, ఆ రెండు గంటల జోకు ఒకసారి పడనీ. మేడమ్ గారు వినలేదు" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. మా ఆవిడ అలవాటు ప్రకారం, నవ్వడానికి ముఖం సిద్ధం చేసుకోవడం చూశాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా అది నవ్వే అనుకున్నాను.

లేచి నిలబడి చెప్పాను. జీపు పైన దింపడం దగ్గర్నుంచి, నేను చక్రం ఆనుకుని పాకుతూ ఎక్కడం దాకా అన్నీ చెప్పాను. ఎండాకాలం, వానాకాలం కూడా నాకే తగిలించుకున్నాను. ఎవరూ నవ్వలేదు. డ్రైవరు కప్పులోకి చూసుకున్నాడు. చివరికి, వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, "ఇందులో నవ్వడానికేముంది బాబాయ్?" అన్నాడు.

"నేనూ ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను బాబూ" అంది మా ఆవిడ.

ఇంటికొచ్చాక నన్నేమీ అడగకుండా మిషను ఒక పక్క పట్టుకుని నిలబడింది. నేను రెండో పక్క పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కిటికీ వైపు తిప్పాం. ఇప్పుడు ఆదివారాలు ఆమె, మనవరాలు కొండకు వెళ్తారు. నేనూ వస్తానంటే మా ఆవిడ చెప్పులు వేసుకుంటూ అంటుంది, "వద్దులెండి, మీరు నడవలేరు. గేటు దగ్గర బెంచీ ఉంది, అక్కడ కూర్చోండి." కూర్చుంటున్నాను.