దోమ కడుపులో పెండ్లి

ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే మా అన్నకు మలేరియా వచ్చింది. జ్వరం దిగిందని ఈ రోజు మాత్రలు ఆపేసి, మిగిలినవి పోపుల డబ్బాలో దాచినాడు. ఎందుకని అడిగితే, "ఇంట్లో ఇంకెవరికన్నా వస్తే పనికొస్తాయి లేప్పా" అన్నాడు. వదినకు ఏడో నెల. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జ్వరం పోయినా నీ రక్తంలో మగ క్రిములు, ఆడ క్రిములు ఉండాయన్నా. నీ ఒంటి వేడికి గమ్మునుంటాయి. దోమ తాగితే దాని కడుపులో చల్లదనం, అక్కడుండే ఒక రసం తగుల్తాయి. అదే వాటికి కబురు. నిమిషాల్లో లేచి జత కడతాయి. ఆ దోమ కుడితే వాటి సంతానమే రేపు వదిన రక్తంలోకి చేరేది. వాటిని ముందే చంపేది నువ్వు దాచిన మాత్రలే!"

వదిన పకపకా నవ్వింది. "దోమ కడుపులో పెండ్లా! సంబంధం కుదిర్చింది ఎవరప్పా?"

"ఇంకెవరు, మా అన్నే. పెండ్లివాళ్లిద్దరినీ సాగనంపేది ఆయనే."

ఆమె నవ్వు ఆగిపోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి, మాత్ర అన్న చేతిలో పెట్టి, "మింగు" అనింది. అన్న మింగినాడు.

ఎవరికో జ్వరమొస్తుందని మాత్రలు దాచి, ఆ జ్వరాన్ని మనమే పంపిస్తాండాం. నేను మలేరియా కరపత్రాలు చదివి చెడిపోయినానని అన్న ఇంకా గొణుగుతాండాడు. మీరే చెప్పండి, చెడిపోయింది ఎవరు?